నత్తల సారు

నంద్యాలకు సముద్రం ఏ దిక్కు నుంచీ దగ్గర కాదు. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పే యేసురత్నానికి ఆ సంగతి తెలియక కాదు, నచ్చక. గోస్పాడు పక్క పల్లెలో కూలికి పోయేవాళ్ల ఇంట పుట్టి, మీసాలొచ్చేదాకా కుందేరు కంటే పెద్ద నీళ్లు ఎరగని మనిషి. 1972లో ఎవరి పెళ్లికో మద్రాసు పోయి, ప్యాంటు మడుచుకుని మోకాళ్ల లోతు సముద్రంలో నిలబడ్డాడు. పెళ్లిలో ఏం తిన్నాడో గుర్తులేదు గానీ, కాళ్ల కింద ఇసుక జారిపోవడం మాత్రం మరిచిపోలేదు. ఎట్లాగైనా ఆ సముద్రాన్ని ఇంటికి తెచ్చుకోవాలనుకున్నాడు.

భార్య ప్రసన్నకుమారి ఆసుపత్రిలో నర్సు. వీధి కొళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టి కాచుకునే రోజులవి. "తాగే నీళ్లకే గతి లేదు. ఉప్పునీళ్లు కావాల్సొచ్చెనా నీకు?" అని నిలదీసింది. అయినా 1981 వేసవి సెలవుల్లో ముందు గదిలో అద్దాల తొట్టి వెలిసింది. చట్రం వెల్డింగు షాపులో చేయించాడు. అద్దాలు పటాలు కట్టే అంగడివి. బుడగలు ఊదే చిన్న మోటారు మద్రాసు నుంచి తెచ్చాడు. మొదటిసారి నింపినప్పుడు నీళ్లన్నీ గదిలోకే వచ్చాయి. ప్రసన్నకుమారి మంచమెక్కి కూర్చుని, "వచ్చెలే నీ సముద్రం" అంది.

నీళ్లు సమకూర్చినవాడు ఆళ్లగడ్డ రంగయ్య. భూములున్న రైతు, పైగా సొంత లారీ. నంద్యాల బియ్యంతో మద్రాసు పోయిన లారీ తిరిగొచ్చేటప్పుడు డ్రముల్లో సముద్రపు నీళ్లు మోసుకొచ్చేది. సారా అనుకుని చెక్‌పోస్టులో ఒక జవాను దోసిలి పట్టి తాగాడట. ఆ తర్వాత ఆ లారీని ఎవరూ ఆపలేదు. రంగయ్య ఈ ఉపకారం ఊరికే చేయలేదు. నంద్యాలకొచ్చినప్పుడల్లా తొట్టి ముందు కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. ఆయన చూపులో మెచ్చుకోలు కంటే కొలతలే ఎక్కువ.

ప్రసన్నకుమారి అన్న యోహానుకు రామేశ్వరం దగ్గర మండపం రైల్వే స్టేషనులో ఉద్యోగం. ఆయన తడి గోనెలో చుట్టి ఒక పగడపు రాయి తెచ్చాడు, దారి పొడుగునా దాని మీద ఉప్పునీళ్లు చిలకరిస్తూ. ఇంకో సంచిలో నారింజ రంగు మీద తెల్లపట్టీలున్న రెండు చేపలూ, వేళ్లలాంటి కొసలు ఆడించే సముద్రపు పువ్వనే జీవి ఒకటీ వచ్చాయి.

కొన్నాళ్లకు ఆ రాయి మీద సన్నటి తెల్ల గొట్టాలు మొలిచాయి, సుద్దముక్కల్ని మెలిపెట్టి అతికించినట్టు. యేసురత్నం భూతద్దం పెట్టి చూసి కేక వేశాడు.

"పగడం పెరుగుతాంది! నంద్యాలలో పగడం పెరుగుతాంది!"

స్టాఫ్‌రూములో చెప్పాడు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి చెప్పాడు. జనం వచ్చి చూసి తలలూపి, టీ తాగి పోయారు. పాలు రెండింతలు పోయించుకుంటున్న ప్రసన్నకుమారి మాత్రం, "నీ పగడమేమో గానీ, నా టీపొడి తరుగుతాంది" అంది.

1983లో ఊళ్లో సైన్సు ప్రదర్శన పెట్టారు. మద్రాసు నుంచి సుబ్బలక్ష్మి అనే సముద్రజీవుల శాస్త్రవేత్త వచ్చింది. రాయిని పళ్లెంలో పెట్టి మోసుకొచ్చిన యేసురత్నం సభ మధ్యలో ఆమె ముందుంచాడు. ఆమె చాలాసేపు చూసి, మెల్లగా చెప్పింది.

"ఈ గొట్టాలు పగడం కాదండీ. నత్తలు."

"నత్తలా? నత్తలు పాకాల గదమ్మా?"

"ఇవి పాకవు. పసితనంలోనే రాయికి అతుక్కుని, చుట్టూ గొట్టం కట్టుకుంటాయి. కదలకుండానే జిగురు దారాలు వదులుతాయి. దారానికి ఏది అంటుకుంటే అది లోపలికి లాక్కుని తింటాయి, దారంతో సహా. మీ రాయితోపాటే వచ్చుంటాయి." ఓదార్చే గొంతుతో, "అసలైన పగడానికి వీటివల్ల హానేనండీ" అంది.

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. సోమవారానికల్లా యేసురత్నం కాలేజీ అంతటికీ 'నత్తల సారు' అయ్యాడు.

ఇక యుద్ధం మొదలైంది. పట్టకారుతో గొట్టాలు విరిచాడు. మొండాల్లో నత్త బతికే ఉండి మళ్లీ గొట్టం కట్టుకుంది. కొవ్వొత్తి మైనం కరిగించి మూతులు మూశాడు. మూసినవి చచ్చాయి గానీ, వాటి పిల్లలు రాయి అవతలి పక్కన కాపురాలు పెట్టాయి. ఆయన ఎంత ద్వేషిస్తే అంత వృద్ధిలోకి వచ్చాయి.

మరుసటేడు మే నెలలో గాలివానకు స్తంభాలు పడి కరెంటు పోయింది. రబ్బరు గొట్టం తగిలించి సైకిలు పంపుతో తొట్టిలోకి గాలి కొట్టాడు యేసురత్నం. ఆయన చేతులు పడిపోయినప్పుడు, డ్యూటీ నుంచి వచ్చిన ప్రసన్నకుమారి తెల్లచీరతోనే కూర్చుని పంపు అందుకుంది. తెల్లారేదాకా కొట్టింది. కరెంటు వచ్చేసరికి చేపలు తేలిపోయాయి. పువ్వు కరిగి గంజిలా అయింది. ఆమె చెంగుతో ముక్కు మూసుకుంది. వాసనకేమో అనుకున్నాడు గానీ, కళ్లు కూడా తుడుచుకుంటోంది.

నీళ్లు మార్చాక చూస్తే, నత్తలు దారాలు వదిలి తాపీగా కూర్చున్నాయి. పిలిచి తెచ్చుకున్నవాళ్లంతా పోయారు. పిలవకుండా వచ్చినవాళ్లు భోజనానికి కూర్చున్నారు.

సంగతి తెలిసి రంగయ్య పరామర్శకు వచ్చాడు. పరామర్శ త్వరగా ముగించి, "ఆ పగడపు రాయి నాకియ్యండి సారూ" అన్నాడు.

"దాని మీదుండేది పగడం కాదన్నా. నత్తలు."

"ఇయ్యనంటే ఇయ్యనని చెప్పండి సారూ. నత్తలని సాకులేంది?"

ఇన్నేళ్లు నీళ్లు మోయించిన మనిషికి కాదని ఎట్లా చెబుతాడు? ఇచ్చేశాడు.

రంగయ్య ఆళ్లగడ్డ శిల్పుల చేత నల్లరాతి పీఠం చెక్కించి, దాని మీద యేసురత్నం తొట్టికి రెండింతల తొట్టి నిలిపాడు. ప్రారంభానికి సారును పిలిచి కుర్చీ వేశాడు. అప్పటికే రంగయ్య భార్య భారతమ్మ అద్దానికి కుంకుమ పెట్టింది. కుజదోషానికి పగడం మంచిదని ఎవరో అంటే, వచ్చిన ఆడవాళ్లు నత్తలకు దండం పెట్టుకుంటున్నారు.

"నాలుగు మాటలు చెప్పండి సారూ" అన్నాడు రంగయ్య.

యేసురత్నం లేచి నిజం చెప్పాడు. గొట్టాలు, జిగురు, దారాలు, తాను మోసపోయిన వైనం, ఒక్కటీ దాచలేదు. "ఇది పగడం కాదు. నేనే పొరపాటు పడినా" అని ముగించాడు.

రంగయ్య లేచాడు. "చూసినారా! చదువుకున్నాయప్పకు వినయం ఇట్లుంటాది. తన చేతిలో పెరిగిన పగడాన్ని పగడమని చెప్పుకోడు!"

చప్పట్లు మోగాయి. బంతిపూల దండ మెడలో పడింది. ఆ దండతోనే బస్సెక్కి నంద్యాల చేరాడు.

మరుసటి ఆదివారం, నీళ్లు మాత్రమే మిగిలిన తొట్టి కడగబోతే, మోటారు గొట్టానికి అతుక్కుని రెండు తెల్లటి మెలికలు కనిపించాయి. పట్టకారు తెచ్చి, ఊరికే పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమప్పా, కడిగేస్తాండావా?" వంటింట్లోంచి అడిగింది ప్రసన్నకుమారి.

"రెండు మిగిలినాయి మే."

ఆమె వచ్చి వంగి చూసింది. ఒక గొట్టంలోంచి సాలెపోగు లాంటి దారం నీళ్లలో ఊగుతోంది. "ఏం తింటాయవి?"

"ఎండుచేపల పొడి యేస్తే తింటాయేమో."

ఆమె చేతులు తుడుచుకుంటూ డబ్బా తేవడానికి పోయింది.

ఆ తొట్టి ఇంకా కొన్నేళ్లు ఆ ఇంట్లో ఉంది. పగడం చూద్దామని ఎవరైనా వస్తే, యేసురత్నం కుర్చీ వేసి కూర్చోబెట్టి, నెమ్మదిగా చెప్పేవాడు.

"పగడం ఆళ్లగడ్డలో ఉందప్పా. ఈడుండేటివి నత్తలే."