బాణాలన్నీ ముందుకే, ఒక్కటి తప్ప

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటుంది. ఉంటే ఉంది. ఈ సంగతి రాసేటప్పుడు మాత్రం ఆ కోపాన్ని కాస్త పక్కన పెడదామని చూశాను. నాలుగుసార్లు రాసి చించేశాను. నా వల్ల కాలేదు. కాబట్టి కోపంతోనే చెప్తున్నాను, వినేవాళ్లు వినండి.

అప్పుడు నేను హైటెక్ సిటీలో ఒక కంపెనీ కస్టమర్ సపోర్ట్‌లో పనిచేసేదాన్ని. చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని మధ్యాహ్నం నుంచి ఎవరెవరివో తిట్లు వినడం, ప్రతి తిట్టుకీ "క్షమించండి" అనడం. మూడేళ్లు అదే బతుకు. మా అంతస్తులోనే ఇంకో మూల డాక్యుమెంటేషన్ టీమ్ కూర్చునేది. ఒక యంత్రం ఎలా పనిచేస్తుందో, ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో, చదివినవాళ్లకి అర్థమయ్యేలా రాయడం వాళ్ల పని. ఫోన్లుండవు, తిట్లుండవు. అక్కడ ఒక సీటు ఖాళీ అయింది. మా మేనేజర్ నన్ను పిలిచి, "అకడమిక్ ఇంగ్లీష్ పరీక్ష రాసి రైటింగ్‌లో తొమ్మిదికి ఏడు తెచ్చుకో. ఆ సీటు మార్చి ఆఖరు దాకా ఆపుతాను" అన్నాడు. నాకు ఆ రోజు లిఫ్ట్ కోసం ఆగే ఓపిక కూడా లేకపోయింది. ఆరు అంతస్తులూ మెట్ల మీదే దిగిపోయాను.

ఆ రైటింగ్‌లో రెండు ప్రశ్నలు. రెండోది వ్యాసం, దానితో నాకు పేచీ లేదు. మొదటిదే ప్రాణం తీసేది. ఒక బొమ్మ ఇస్తారు. ఇటుక ఎలా తయారవుతుందో, పాలు పొడి ఎలా అవుతాయో, డబ్బాలు, బాణాలు. ఆ బొమ్మ చూడని మనిషికి అది కళ్లకి కట్టేలా ఇరవై నిమిషాల్లో రాయాలి. సొంత అభిప్రాయం ఉండకూడదు, ఒక్క బాణం తప్పిపోకూడదు.

ఉదయం పూట కోచింగ్‌కి నిజాంపేటలో ఒక సెంటర్లో చేరాను. బోరబండలో మా ఇంటి నుంచి ఒక బస్సు, ఒక షేర్ ఆటో. అక్కడ రైటింగ్ చెప్పేది గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఆవిడ, నాకంటే పదేళ్లు పెద్ద. మొదట్లో మేడమ్ అనేదాన్ని. నెల తిరక్కుండానే "మేడమ్ ఏంటమ్మా, పరాయిదాన్నా? అక్కా అను" అంది. నాకు తోడబుట్టినవాళ్లు లేరు. ఆ మాటకి నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మొదటి రోజు ఆవిడిచ్చిన బొమ్మ అల్యూమినియం డబ్బాలు కరిగించి మళ్లీ వాడుకోవడం గురించి. మా నాన్న బాలానగర్లో అల్యూమినియం పోత పోసే షెడ్డులో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్నాడు. ఇంక నాకేం తక్కువ? ఒక మనిషి కొలిమి రాజేస్తాడు, ఇంకొకతను గరిటెతో పోస్తాడు, చల్లారాక మూడో అతను అచ్చు విడగొడతాడు అని దంచేశాను. అక్క చదివి పడీపడీ నవ్వింది.

"బొమ్మలో మనిషెక్కడున్నాడమ్మా? నువ్వెక్కణ్ణుంచి పట్టుకొచ్చావు?"

"మనిషి లేకుంటే ఎవరు పోస్తరు మేడమ్? దానంతటదే పోసుకుంటదా?"

"ఎవరు పోశారన్నది ఇక్కడ అక్కర్లేదు. పోయబడుతుంది. అంతే రాయాలి. ఈ పరీక్షలో నీకు అన్నం పెట్టేది ఆ 'బడు' ఒక్కటే."

ఇంటికెళ్లి అమ్మతో సరదాగా "అన్నం వండబడిందా?" అన్నాను. "వండబడుడేందే? నేను వండిన! పొద్దుగాల్నుంచి పొయ్యికాడ చచ్చింది నేను!" అని గరిటె చూపించింది. నాన్న మాత్రం నవ్వి, తన షెడ్డులో అచ్చు ఎలా కడతారో, లోహం ఎప్పుడు పోయాలో ఒక్కో మెట్టూ చెప్పేవాడు. "ముందుగాల ఇసుక తడుపుతం, ఆమీద అచ్చుల పోసి గట్టిగ కొడతం. ఎనకా ముందైతే పని ఖరాబు" అనేవాడు. నాకు క్రమం మీద గురి ఆయన దగ్గర్నుంచే వచ్చింది.

అక్క నేర్పే పద్ధతి మాత్రం గొప్పది. ఆ మాట ఒప్పుకోకపోతే నేను అబద్ధాలకోరునవుతాను. నేను బొమ్మ చూసి రాసేదాన్ని. ఆవిడ ఆ బొమ్మ చూడకుండా, నేను రాసింది చదువుతూ తెల్లకాగితం మీద బొమ్మ గీసేది. ఆవిడ గీసింది అసలు బొమ్మలా వస్తే నేను సరిగ్గా రాసినట్టు. మొదటిసారి ఆవిడ గీసిన ఇటుకల బట్టీలో మట్టిని ముక్కలు కోయకముందే కాల్చేశారు. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. "నేను గీయలేదమ్మా, నువ్వు రాసిందే గీశాను" అంది. అప్పట్నుంచి ప్రతి మాటా తూచి రాసేదాన్ని. క్లాసు అయ్యాక అందరూ వెళ్లిపోయినా మేమిద్దరం ఇంకో గంట కూర్చునేవాళ్లం. తన డబ్బాలోని పెసరట్టు నాకు సగం పెట్టేది.

సెంటర్లో అందరూ ఒకే వాక్యంతో మొదలుపెట్టేవాళ్లు. ఇచ్చిన బొమ్మ ఫలానా దాన్ని వివరిస్తుంది అని. నాకు అది నచ్చేది కాదు. నేను ముందు బాణాలు లెక్కపెట్టేదాన్ని. ఏవి ముందుకి పోతున్నాయి, ఏది వెనక్కి మళ్లుతోంది అని చూసేదాన్ని. అలా చూసి చూసి గాజు సీసాల బొమ్మకి ఒక వాక్యం రాశాను. తెలుగులో చెప్పాలంటే, "ఇందులో ఏడు మెట్లున్నాయి, బాణాలన్నీ ముందుకే పోతాయి, ఒక్కటి తప్ప, ఆ ఒక్కటీ వాడిన సీసాని మళ్లీ మొదటికే తెస్తుంది." ఇంకో చోట, కడిగే ముందు సీసాలు "తమ వంతు కోసం ఆగుతాయి" అని రాశాను. వంతు కోసం ఆగడానికి అవేమన్నా మనుషులా అని అక్క ఆటపట్టించింది, కానీ కొట్టెయ్యలేదు. "ఉండనీ. ఇది నీ వాక్యంలా ఉంది" అంది. ఆ రోజు ఆవిడ గీసిన బొమ్మ అచ్చం అసలు బొమ్మే.

ఆ కాగితాలన్నీ ఆవిడ దగ్గరే ఉండేవి. ముప్పై పైచిలుకు. దిద్ది ఇస్తానంది, నేనూ మళ్లీ అడగలేదు. ఎందుకడుగుతాను?

పరీక్ష తేదీ కూడా ఆవిడే చెప్పింది. "ఫిబ్రవరి రెండో శనివారం రాసెయ్. మన పిల్లలు చాలామంది ఆ రోజే రాస్తున్నారు, నీకూ ధైర్యంగా ఉంటుంది." సరే అన్నాను.

మాదాపూర్లో పరీక్ష. తెర మీద మొదటి ప్రశ్న తెరుచుకుంది. వాడిన గాజు సీసాలు! అచ్చం మా బొమ్మ కాదు గానీ, దానికి తోబుట్టువు. మెట్లు ఏడే, వెనక్కి మళ్లే బాణం ఒకటే. నా వాక్యం నేను రాశాను. వంతు కోసం ఆగే సీసాలతో సహా. బయటికొచ్చేసరికి ఏడు నా చేతిలో ఉన్నట్టే అనిపించింది.

గేటు పక్కన జ్యూస్ బండి దగ్గర ఇద్దరమ్మాయిలు గంతులేస్తున్నారు. "ముప్పై రెండో షీట్ మక్కికి మక్కి దిగిందే! నేను కళ్లు మూసుకుని దించేశాను" అంటోంది ఒకతె. రెండో అమ్మాయి ఆ షీట్‌లోని వాక్యం పాటలా ఒప్పజెప్తోంది. ఏడు మెట్లు, బాణాలన్నీ ముందుకే, ఒక్కటి తప్ప.

నా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. "చెల్లీ, జర ఆ షీట్ చూపిస్తవా?" అన్నాను. చూపించింది. పైన మా సెంటర్ పేరు, కింద నా మాటలు, చక్కగా అచ్చులో. సీసాలు తమ వంతు కోసం ఆగుతూనే ఉన్నాయి. "ఇవి ఎవరిచ్చిన్రు?" అంటే, "రైటింగ్ మేడమ్ ఇచ్చారక్కా. సాయంత్రం బ్యాచ్ మొత్తానికీ ఇచ్చారు. బట్టీ కొట్టమన్నారు" అంది.

నా పిచ్చితనం చెప్తాను వినండి. అప్పుడు నాకు కోపం రాలేదు. నేను రాసింది అచ్చేసి పంచేటంత బాగుందా అని లోలోపల కాస్త మురిసిపోయాను కూడా. అక్క చెప్పడం మర్చిపోయి ఉంటుందిలే అనుకుని, ఆ జ్యూస్ తాగేసి ఇంటికి పోయాను.

రెండు వారాలకి ఫలితాలు వచ్చాయి, నాదీ, ఆ షీట్ దించినవాళ్లవీ మాత్రం రాలేదు. ఇంకో వారానికి ఉత్తరం వచ్చింది. నా జవాబులోని వాక్యాలు, అదే రోజు రాసిన ఇంకొందరి జవాబుల్లో యథాతథంగా ఉన్నాయట. బట్టీపట్టి రాసినదిగా భావించి నా ఫలితం ఆపేశారట. ఆధారాలేమైనా ఉంటే పది రోజుల్లో పంపుకోవచ్చట. నా వాక్యం నేను కాపీ కొట్టానా! తల గోడకేసి బాదుకోవాలనిపించింది. అమ్మ ఉత్తరం అటూ ఇటూ తిప్పి "ఏమైందే?" అని అడిగింది.

మర్నాడు పొద్దున్నే నిజాంపేట పోయాను. అక్క నన్ను చూడగానే తల దించుకుంది. అంటే తెలుసన్నమాట.

"ఎందుకిచ్చినవక్కా?"

"అలా జరిగిపోయిందమ్మా. సాయంత్రం బ్యాచ్‌కి మంచి శాంపిల్స్ కావాలని సెంటర్ నడిపే సార్ వెంటపడ్డారు. నీవే బాగున్నాయి. అదే బొమ్మ వస్తుందని ఎవరనుకుంటారు?"

"నాకొక్క మాట చెప్పొద్దా? చెప్తే నేను వేరేది రాసుకుంటుంటి గదా! అందరూ రాసే దినమే నన్ను కూడా రాయమంటివి!"

ఆవిడ కుర్చీ నా దగ్గరికి జరిపింది. "నేను ఉత్తరం రాసిస్తాను. అవి నీవేనని, నీ దగ్గర్నుంచే వచ్చాయని. ఏడవకు" అంది. అప్పుడు తెలిసింది నేను ఏడుస్తున్నానని. నాకప్పటికీ నమ్మకమే. అక్క రాస్తే అయిపోతుంది, పరీక్షవాళ్లు నమ్ముతారు, మార్చి ఆఖరులోపు సీటు దక్కుతుంది అనుకున్నాను. అయినా ఎందుకైనా మంచిదని మేనేజర్ని బతిమాలి, మార్చి దాటినా ఇంకో వారం ఆపమన్నాను.

గడువుకి రెండు రోజుల ముందు ఉత్తరం ఇచ్చింది. సెంటర్ లెటర్‌హెడ్, కింద సంతకం, మచ్చలేని ఇంగ్లీషు. నేను ఆటోలో కూర్చుని చదివాను. "అభ్యాసం కోసం కొన్ని నమూనాలు తయారు చేయబడ్డాయి. అవి కేంద్రంలో పంచబడ్డాయి. ఈ విద్యార్థిని కూడా వాటిని చూసి ఉండే అవకాశం ఉంది."

ఎవరు తయారు చేశారు? ఎవరు పంచారు? లేదు. పైగా నేను కూడా చూసి ఉంటానట! ఆటో ఆపించి, దిగి, వెనక్కి నడిచాను. ఆవిడ ఇంకా అదే బల్ల దగ్గరుంది.

"ఇందులో నేను రాసిన్నని ఎక్కడుందక్కా?"

"సార్ అంతకంటే రాయనివ్వలేదమ్మా. నీ కాగితాలు కూడా ఆయన దగ్గరే ఉండిపోయాయి."

"సార్‌ని ఇడిసిపెట్టు. నువ్వు రాయి. ఈ అమ్మాయి రాసింది, నేను తీసుకున్న, నేను పంచిన అని. మూడు ముక్కలు. నీ చేత్తో రాసియ్యి చాలు."

పెన్ను ఆవిడ ముందు పెట్టాను. తీసుకుంది. కాగితం మీద ఆనించింది కూడా. చాలాసేపు అలాగే ఉంచి, మెల్లగా పక్కన పెట్టేసింది.

"నా ఉద్యోగం పోతుందమ్మా. నువ్వు చిన్నదానివి, మళ్లీ రాసుకోవచ్చు."

"నా సీటు పోతదక్కా."

"నన్ను అర్థం చేసుకో" అంది. అర్థమైంది. బాగానే అర్థమైంది. నాలుగు నెలలు నా మాటల్లో ఒక్క బాణం తప్పినా పట్టుకున్న మనిషి, తన తప్పు దగ్గరికొచ్చేసరికి చూడనట్టు ఊరుకుంది. నమ్మించి గొంతు కోయడం అంటే ఏదో కథల్లో పెద్ద పెద్ద వాళ్లు చేసేదనుకున్నాను. పెసరట్టు పెట్టిన చేత్తో కూడా చేస్తారని అప్పుడే తెలుసుకున్నాను. ఆ మాట మొహం మీదే అనేసి వచ్చాను. అన్నందుకు ఈరోజుకీ బాధ లేదు.

ఉన్న ఉత్తరమే పంపాను. వాక్యాల మూలం నిర్ధారణ కాలేదు, మా నిర్ణయంలో మార్పు లేదు అని జవాబొచ్చింది. ఏప్రిల్ మొదటి వారంలో డాక్యుమెంటేషన్ టీమ్‌లో కొత్తమ్మాయి చేరింది. మర్యాదస్తురాలు, పాపం ఆమె తప్పేముంది? నేను హెడ్‌సెట్ పెట్టుకుని "క్షమించండి" అంటూనే ఉన్నాను.

ఆగస్టులో మళ్లీ రాశాను. కోచింగ్ లేదు, ఎవరికీ చూపించలేదు. ఈసారి సిమెంట్ బొమ్మ. ఒక మంచి వాక్యం తట్టింది. తట్టగానే భయమేసింది, ఇది ఇంకెక్కడైనా అచ్చై ఉంటుందా అని. కొట్టేసి, అందరూ రాసే వాక్యంతోనే మొదలుపెట్టాను. మెట్లు తప్పకుండా, బాణాలు తప్పకుండా రాసి వచ్చేశాను.

ఏడున్నర వచ్చింది. అమ్మ సంతోషపడి, "ఏడున్నర అంటే ఎంతకు?" అని అడిగింది. తొమ్మిదికి అన్నాను. "ఇంకో ఒకటిన్నర ఎందుకు రాలే?" అంది. నాన్న షెడ్డు నుంచి వచ్చి భుజం తట్టాడు, ఆయనకీ దాని సంగతి పూర్తిగా తెలియదు. ఆఫీసులో ఎవరికీ చెప్పే పని లేకపోయింది, సీటే లేదు కదా. ఏడున్నర అంటే ఏమిటో, దానికోసం నేనెంత చచ్చానో తెలిసిన మనిషి ఈ ఊరు మొత్తానికి ఒక్కతే. ఫోన్ తీసి ఆవిడ నంబరు దాకా వెళ్లాను. అక్క అనే ఉంది ఇంకా. చెప్పాలని ఎంత అనిపించిందో, నాకే సిగ్గేసింది. ఫోన్ పక్కన పెట్టి, డ్యూటీకి టైమైందని చెప్పులేసుకున్నాను.