బల్ల మీద స్నానం

పాపని ఎత్తుకున్నప్పుడల్లా కుడిచేతి బొటనవేలి మొదట్లో సూది దింపినట్టు ఉండేది. ఎవరికీ చెప్పలేదు. సొంతబిడ్డ బరువైందని ఏ తల్లి చెప్పుకుంటుంది?

కాన్పుకి ముందు అమలాపురంలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. ల్యాబ్‌లో అమ్మాయిలు గూనిగా కూర్చుంటే "నడుం నిలబెట్టండమ్మా, మణికట్టు వంచకండి" అని వీపు తట్టేదాన్ని. కాన్పయ్యాక అల్లవరంలో, అత్తవారింట్లో, మంచం మీద బాసింపట్టు వేసుకుని, దిండు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఒక చేత్తో పాపని పట్టుకుని పాలిస్తూ రెండో చేత్తో ఆన్‌లైన్ క్లాసుకి ప్రశ్నలు టైపు చేసేదాన్ని. పాపని పైకి తెచ్చుకోకుండా, మెడ వంచి నేనే పాప మీదికి వంగేదాన్ని.

నీళ్ళు పోయడం మరీ కష్టం. మా ఇంట్లో పెరట్లో పీట మీద కూర్చుని, కాళ్ళు బారచాపి, వాటి మీద బిడ్డని పడుకోబెట్టి పోస్తారు. మూడో నెల దాకా అత్తగారే పోశారు. ఆవిడ మోకాళ్ళు పట్టేస్తున్నాయని, "ఇకనుంచి నేను పోస్తానండి" అని నేనే అడిగి తీసుకున్నాను. నూనె పట్టించి, నలుగుపిండి రాసిన బిడ్డ చేపపిల్లలా జారుతుంది. బోర్లా తిప్పేటప్పుడు బరువంతా ఒక్క మణికట్టు మీదే.

ఒకరోజు అలా తిప్పుతుంటే వేలు పట్టు వదిలేసింది. పాప నా కాళ్ళ మధ్యకి జారింది. తల సిమెంటు గచ్చుకి తగిలింది. వాపు కూడా రాలేదు కానీ ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"ఏమైందమ్మా?" అన్నారు అత్తగారు పాప ఏడుపు విని, వంటింట్లోంచి.

"కంట్లో నలుగుపిండి పడిందండి."

మా ఆయనకి మాత్రం జరిగింది చెప్పాను. అత్తగారితో టీకాకని చెప్పి, ఆ మధ్యాహ్నమే అమలాపురం వెళ్ళి పాపని పిల్లల డాక్టరుకి చూపించాం. భయం లేదన్నాక, మా ఆయన నన్ను ఫిజియోథెరపీ ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళారు. బిడ్డని ఎలా ఎత్తుతారో దిండుతో చూపించమంది. చంకల కింద బొటనవేళ్ళు చాపి ఎత్తాను.

"అదేనండీ తప్పు. వేళ్ళు దగ్గరగా పెట్టి, అరచేతులు కిందనుంచి పోనిచ్చి, చేట ఎత్తినట్టు ఎత్తండి. పాలిచ్చేటప్పుడు ఒళ్ళో దిండు పెట్టుకుని పాపని మీ ఎత్తుకి తెచ్చుకోండి, మీరు వంగకండి. స్నానం నడుమెత్తు బల్ల మీద చేయించండి. ఒక చెయ్యి మాత్రం పాప మీంచి తియ్యొద్దు."

అన్నిటికీ తలూపాను. బొటనవేలు కదలకుండా పట్టీ కూడా కట్టింది. ఇల్లు వస్తుందనగా ఆటోలోనే విప్పేసి బ్యాగులో దాచాను. మర్నాడు మళ్ళీ పీట మీదే కూర్చున్నాను.

తరవాత కపిలేశ్వరపురం నుంచి పెద్దత్తగారు, అంటే మా అత్తగారి అక్క, పాపని చూడ్డానికి వచ్చారు. మంచం మీద కూర్చుని చేతులు చాపారు. "ఏదీ, మనవరాలిని ఇలా ఇయ్యవే."

పాత అలవాటునే ఎత్తాను. సగం ఎత్తులో చెయ్యి విచ్చుకుపోయింది. పాప పరుపు మీద పడింది. పరుపు కాబట్టి సరిపోయింది.

"ఇదేం విడ్డూరమే! ఇంత పసిదాన్ని మొయ్యలేవా? ఆ కంప్యూటర్ మొయ్యడానికి మాత్రం చేతులున్నాయి!"

పాపని పరుపు మధ్యకి జరిపి, బీరువాలో ఉన్న బ్యాగులోంచి పట్టీ తీసి అందరి ముందే కట్టుకున్నాను. చెవులు కాలిపోతున్నాయి.

"ఇదేంటే, క్రికెట్ ఆడతావా ఏంటి?" అని నవ్వారు పెద్దత్తగారు.

అత్తగారు నవ్వలేదు. "ఎప్పట్నించి?"

"పాపకి నీళ్ళు నేను పోస్తున్నప్పట్నించండి."

ఆవిడ నా పట్టీ వైపు చూశారు. "అయితే ఆవేళ నలుగుపిండి కాదన్నమాట."

"ఆయ్... కాదండి."

తిట్టి ఉంటే బాగుండేది. పాపని ఎత్తుకుని, తల వెనక చేత్తో తడిమి తడిమి చూసుకున్నారు. ఫిజియోథెరపీ ఆవిడ చెప్పిన బల్ల సంగతి కూడా అప్పుడే చెప్పేశాను.

మర్నాడు పొద్దున్న, అత్తగారి మాట మీద, మా ఆయన రాసుకునే బల్ల పెరటి అరుగు పక్కకి వచ్చింది. దాని మీద మడతపెట్టిన పాత దుప్పటి, ఆ పైన పాప టబ్బు.

"బల్ల మీద నీళ్ళేంటే, శవానికి పోసినట్టు!" అన్నారు పెద్దత్తగారు.

"అక్కా, శుభమా అని పసిబిడ్డకి పోస్తుంటే ఆ మాటలేంటి?" అంటూ అత్తగారు వెళ్ళి పెరటి గేటు మూసేశారు. పక్కింటివాళ్ళు చూస్తే నాకు నామోషీ అనా, ఆవిడకా? అడిగే ధైర్యం నాకు లేదు.

అరచేతులు కిందనుంచి పోనిచ్చి పాపని ఎత్తాను. బరువు మోచేతుల దాకా సర్దుకుంది. వేలు నొప్పి పెట్టింది కానీ చెయ్యి విచ్చుకోలేదు. నడుం వంచే పని లేదు. అయినా తల పైకెత్తి అత్తగారి మొహం చూడలేకపోయాను.

ఆవిడ చెంబు అందుకుని నా పక్కన నిలబడ్డారు.

"రెండు చేతులా పట్టుకో. నీళ్ళు నేను పోస్తాను."