గుసగుసల ఇల్లు

2012 వేసవి. అప్పుడు నేను ఫిల్మ్‌నగర్‌లో ఒక ఇ.ఎన్.టి. డాక్టరుగారి క్లినిక్‌లో స్పీచ్ థెరపిస్టుగా చేస్తున్నాను. గొంతు పాడైనవాళ్లకు దాన్ని మళ్లీ సరిగ్గా వాడుకోవడం నేర్పడం నా పని. వేరేచోటైతే నా దగ్గరికి టీచర్లు, పూజారులు, బండిమీద కూరగాయలు అమ్మేవాళ్లు రావాలి. మాకు మాత్రం సగం మంది సినిమావాళ్లే. వాళ్లతో వచ్చిన చిక్కల్లా, గొంతు గురించి అందరికీ అన్నీ తెలుసు. ఒకరు మిరియాల పాలంటారు, ఒకరు పటికబెల్లం బుగ్గన పెట్టుకోమంటారు, ఇంకొకరు మైకు ముందుకెళ్లేముందు గట్టిగా గొంతు సవరించుకోమంటారు. ఈ చివరిది వింటే నాకు ఒళ్లు మండుతుంది. అలా సవరించుకున్నప్పుడల్లా వోకల్ కార్డ్స్, అంటే స్వరతంత్రులు, ఒకదానికొకటి కొట్టుకుంటాయి. దానికంటే ఒక గుక్క నీళ్లు మింగడం మేలని చెప్పీ చెప్పీ నా గొంతే పోయేలా ఉండేది.

సువర్ణ రహమత్ నగర్ నుంచి వచ్చింది. డబ్బింగ్ ఆర్టిస్టు. ఏళ్ల తరబడి గుంపులో కేకలకూ, చెలికత్తెలకూ గొంతిచ్చి, మొదటిసారి ఒక హీరోయిన్‌కు చెబుతోంది. సినిమా అంతా చెప్పేసింది. క్లైమాక్స్ మిగిలింది. అందులో హీరోయిన్ గుండెలు బాదుకుంటూ అరవాలి. సరిగ్గా అప్పుడే గొంతు చీలిపోయింది.

"పొద్దుగాల లేస్తే మాటనే వస్తలేదు మేడమ్. జర మంచి మందు రాసియ్యుండ్రి. ఆ ఒక్క సీన్ అయితే చాలు."

"మందు డాక్టరుగారు రాస్తారమ్మా. నేనున్నది మీతో పోట్లాడటానికి," అన్నాను. నవ్వబోయి దగ్గింది.

డాక్టరుగారు గొంతులోకి స్కోప్ పంపి చూశారు. స్కోప్ అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టం. స్వరతంత్రులు బాగా వాచి, అంచుల్లో నాడ్యూల్స్ మొదలయ్యాయి. అరచేతిలో కాయలు కాచినట్టే ఇవీను. కొన్నాళ్లు వాయిస్ రెస్ట్, అంటే పూర్తి మౌనం పాటించమన్నారు. వాపు తగ్గితే వ్యాయామాలు, తగ్గకపోతే ఆపరేషన్ గురించి ఆలోచించాలన్నారు. ఆపరేషన్ అనగానే సువర్ణ ముఖం పాలిపోయింది. కత్తి తగిలాక పాత గొంతే వస్తుందని ఎవరూ రాసివ్వలేరు. అది ఆమెకూ తెలుసు.

ఇంతలో డబ్బింగ్ ఇన్‌ఛార్జి నాకే ఫోన్ చేశాడు. "అమ్మాయి చెబుతుందా లేదా తేల్చండి మేడమ్. లేదంటే మొదట్నుంచీ వేరేవాళ్లతో చెప్పించేస్తాం." అంటే ఇన్నాళ్లూ ఆమె చెప్పినదంతా చెరిపేస్తారు. ఆ రోజు నుంచి నాకూ మనసు మనసులో లేదు.

రెండోసారి వచ్చినప్పుడు సువర్ణ నోరు విప్పలేదు. అడిగినదానికల్లా ఫోన్‌లో టైపు చేసి చూపించింది. స్కోప్‌లో చూస్తే వాపు తగ్గకపోగా పెరిగింది. "ఒక్క మాట మాట్లాడలే మేడమ్, మా పాప మీద ఒట్టు," అని టైపు చేసింది. ఆమె అబద్ధమాడుతోందని అనిపించి ఉంటే నేను కేకలేసి ఊరుకునేదాన్ని. నిజమే చెబుతోంది, అందుకే భయమేసింది. లోపల ఇంకేదైనా ఉందేమోనని డాక్టరుగారు కూడా అనుమానపడ్డారు.

మూడోసారి బడి సెలవని కూతుర్ని వెంట తెచ్చింది. ఒకటో తరగతి పిల్ల. పేరడిగితే ఏదో గొణిగింది. వంగి మళ్లీ అడిగాను. "మేఘన," అంది, చెవిలో రహస్యం చెప్పినట్టు.

"గట్టిగా చెప్పమ్మా, ఇక్కడెవరూ కొట్టరు."

పిల్ల తల్లి వైపు చూసింది. మళ్లీ అదే గుసగుసతో, "గట్టిగ మాట్లాడితే అమ్మ గొంతు పోతది," అంది. "మా ఇంట్ల అందరం గిట్లనే మాట్లాడుతం."

నేను చటుక్కున సువర్ణ వైపు తిరిగాను. "ఇంట్లో గుసగుసలాడుతున్నారా?"

మౌనం మొదలయ్యాక ఆమె నా ముందు మొదటిసారి పెదవి కదిపింది. వచ్చింది గాలే. "అది మాట్లాడినట్టు గాదు గద మేడమ్?"

మైకు కోసం గొంతు దాచుకోవాలని, ఇంట్లో గుసగుసగానే మాట్లాడాలని సీనియర్లు చెప్పారట. ఇప్పుడే కాదు, ఏళ్లుగా అదే అలవాటు. పిల్లకు అన్నం తినిపించడం, పాఠం చెప్పడం, కోప్పడటం, అన్నీ గుసగుసలతోనే. నిజానికి గుసగుసలో స్వరతంత్రులు సరిగ్గా కలవవు, చుట్టూ కండరాలు బిగుసుకుంటాయి, గాలి ఒరుసుకుపోయి లోపలంతా ఎండిపోతుంది. దాచుకుంటున్నాననుకొని రోజంతా గొంతును నలగ్గొట్టుకుంది. కుదుటపడాలంటే మౌనం మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాలన్నాను. సువర్ణ ఫోన్ తీసి, "నేను చెప్తలేనని ఇన్‌ఛార్జికి చెప్పుండ్రి," అని టైపు చేసింది. నిజంగానా అని రెండుసార్లు అడిగాను. తల ఊపింది. నేనే ఫోన్ చేశాను. ఆ హీరోయిన్‌కు వేరే అమ్మాయి చెప్పింది.

ఈసారి గుసగుస కూడా లేని మౌనం. మధ్యమధ్య గుక్కెడు నీళ్లు, పులితేన్పులు గొంతులోకి రాకుండా రాత్రి పెందలాడే భోజనం, గొంతు గరగరలాడినప్పుడు సవరించుకోకుండా మింగేయడం. ఇందులో గొప్ప వైద్యమేమీ లేదు. వాపు మాత్రం దిగింది.

మొదటి శబ్దం చేయించే రోజు వచ్చింది. ముందు పెదవులు మూసి "మ్" అనిపించాను. గరగర లేకుండా వచ్చింది. "ఇప్పుడు ఒక మాట అనండి. సన్నగా పైకి లాగొద్దు, మీకు సహజంగా ఎక్కడ వస్తే అక్కడే," అన్నాను. ఏ హీరోయిన్ డైలాగో చెబుతుందనుకున్నాను.

"మేఘనా," అంది.

నిండైన, కాస్త బరువైన గొంతు. తలుపు పక్కన కూర్చుని రంగులు వేసుకుంటున్న పిల్ల తలెత్తి, "ఏంది మేడమ్?" అంది నాతో.

సువర్ణ చెంపలమీద నీళ్లు కారాయి. నేనూ తట్టుకోలేకపోయాను.

"నేను కాదమ్మా, మీ అమ్మ," అన్నాను. పిల్ల నమ్మలేదు. లేచి వెళ్లి తల్లి నోటివైపే చూస్తూ, "మళ్ల పిలువు," అంది.

అప్పట్నుంచి ఎవరొచ్చినా, మైకు ముందు ఎలా మాట్లాడతారన్నది తర్వాత అడుగుతాను. ముందు ఇంట్లో ఎలా మాట్లాడతారో అడుగుతాను. పిల్లలుంటే వెంట తీసుకురమ్మంటాను.