పేరు లేని అయిదో కుప్ప

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. ఇది ముందుగాల్నే చెప్తున్న. మా గల్లీల ఎవలకు జరమొచ్చినా గాలి సోకిందని నిమ్మకాయలు కోసి పారేసేటోళ్లు. పులిహోరకన్న పనికొచ్చేవి గదా అని తిట్టేదాన్ని. ఒకసారి చింతచెట్టు కింద తెల్లచీర కట్టుకున్న ఆడిమనిషి నిలవడ్డదని గల్లీ మొత్తం తలుపులు పెట్టుకున్నది. నేను పొద్దుగాల పోయి చూసిన. ఎవలో ఆరేసి మరిచిన ధోతి. చానా దినాలు ఎవలూ అడగకపోతే చింపి మసిగుడ్డలు చేసుకున్న.

నేను సదివింది మూడో తరగతి. రాతల తప్పులుంటే ఉంటయి. గని చూసింది చూసినట్టే రాస్తున్న, ఒక్క మాట ఎక్కువ కలుపుత లేను.

తెలంగాణ రావాలని సమ్మె నడుస్తున్న యేడు అది. బస్సులు డిపో దాటుత లేవు. బడులు బంద్, ఆఫీసులు బంద్. సిద్దిపేటల మా గల్లీ మొగదల టెంటు ఏసి రోజూ దీక్షల కూసునేటోళ్లు. నా కొడుకు బడిల సార్, వాడు పొద్దంత ఆ టెంటు కిందనే. కోడలు తల్లిగారింటికని మద్దూరు పోయి, బస్సుల్లేక అక్కడ్నే చిక్కుకున్నది.

మనుమరాలు మానస హైదరాబాద్‌ల కంప్యూటర్ నౌకరి చేస్తది. రోడ్లు బంద్ కాకముందే ఎవలదో కారుల ఇంటికి వచ్చింది, ఆఫీసు మిషన్ ఒకటి వెంట పెట్టుకొని. నల్ల డబ్బా. నీళ్లు కాగవెట్టే బిందెంత గూడ లేదు, కరెంటు మాత్రం బిందెలు బిందెలు తాగుతది. దాని తమ్ముడు నవీన్ అక్కడ్నే హాస్టల్ల ఉండి సదువుతుండె. వాణ్ని గూడ రమ్మని ఫోన్ చేసిన. "తెలంగాణ వచ్చినంకనే ఇంటికొస్త బాపమ్మా" అన్నడు.

ఆ దినాలల్ల పేపరు వచ్చినా చానాసేపు తెరవకపోయేదాన్ని. ఎక్కడో ఒక పిలగాడు తెలంగాణ కోసం పానం ఇడిసిండని ఉండేది. ఏ ఫోటో చూసినా నవీన్ తీరుగనే కనవడేది. ఆ సమ్మె దినాలల్ల నా గుండెల ఉన్న భయం వాడొక్కడే. మిగిలిందంత దాని ఎనుక వచ్చిందే.

మానస ముందరర్రల మిషన్ పెట్టుకొని కూసునేది. పిల్ల టెంటు కాడికి పోంగనే నేను స్విచ్ బంద్ చేసేదాన్ని. వచ్చి లొల్లి పెట్టేది.

"బంద్ చెయ్యకే బాపమ్మా. చేస్తే లెక్కలన్ని పోయి మళ్ల సున్న నుంచి మొదలైతయి."

"కరెంటు బిల్లు మీ కంపెనీవోడు కడ్తడా?"

"కడ్తడు, ఎంతో చెప్పు."

"ముందుగాల కట్టమను, అప్పుడు ముట్టుకోను."

ఈ స్విచ్ సంగతి యాదిల పెట్టుకోండ్రి. ముందర పనికొస్తది.

ఒకనాడు కూరకు గోకరకాయ తుంచుకుంట, ఏం లెక్కలే అవి అని అడిగిన. అది చెప్పింది నాకు సమజైన కాడికి ఇదీ. మిషన్‌కు యాది ఉంటదట. ఆ యాది గూడ ఇల్లు తీరుగనే. పెద్దిల్లు, ఇంట్ల ఒక అర్ర, ఆ అర్రల ఇంకో చిన్నర్ర. మిషన్ చేసే పనులన్ని ఆ అర్రలల్ల ఉంటయి. ఏదన్న అర్రల జాగ నిండిపోతే అండ్ల ఒక పనిని మిషనే సంపుతదట, మిగిలినయి బతకాలని. సంపినప్పుడల్లా లెక్కల ఒకటి పెంచుతది, సచ్చినదాని పేరు ఒక వరుసల రాస్తది.

ఇప్పుడు తిప్పలేందంటే, చిన్నర్రల ఒకటి సచ్చిందనుకోండ్రి. చిన్నర్ర లెక్కల ఒకటి, దాని బయట ఉన్న మీదర్రల ఒకటి చూపెడ్తది. పెద్దింట్ల మాత్రం సున్న.

"పెడితే అన్నిట్ల పెట్టాలె, లేకుంటె సచ్చిన కాడనే పెట్టాలె. సగం దాక పోయి ఆగుడేంది?" అన్నది మానస. ఎక్కడ సస్తే అక్కడనే లెక్క వడేటట్టు సరిచేసుడు దాని పని.

"సచ్చినోళ్లను లెక్క వెట్టేతందుకు నీకింత జీతమా?" అన్న.

నవ్వింది. "సంపేది నేను గాదు గద."

పెత్రమాస, అదే పెద్దల అమాస, దగ్గరికి వచ్చిందనంగ దాని పని ఒడిసింది. నన్ను పిలిచి చూపెట్టింది. చిన్నర్రల జాగ నింపింది, లోపల ఒకటి సచ్చింది. చిన్నర్ర ఒకటి, మీదర్ర సున్న, పెద్దిల్లు సున్న. పిల్ల సంబురపడ్డది. పోయి అన్నం తిని వచ్చి చూసేసరికి పెద్దింట్ల ఒకటి ఉన్నది.

నేనేదో ముట్టుకున్న అనుకున్నది. నాకు బంద్ చేసుడు తప్ప ఏం రాదు. బంద్ చేస్తే సున్న గావాలె గని ఒకటెట్లయితది? అప్పుడు పేర్ల వరుస చూసింది. ఇన్ని దినాలు అది సంపించిన వాటన్నిటికీ పేరున్నది, ఈ ఒక్కదానికి లేదు. పెద్దింటి లెక్కల ఉన్నదంటే అది ఏ అర్రల చావూ కాదట, ఇంటి చావేనట. ఇంట్ల నడిచే పనులన్ని ఒక్కొక్కటే చూసుకున్నది. ఏదీ తక్కువ కాలేదు.

తనే బంద్ చేసి మళ్ల పెట్టింది. అన్నీ సున్న అయినయి, పెద్దిల్లు తప్ప. తను మార్చిందంత తీసేసి పాతదే ఎక్కించి చూసింది. ఒకటి. నేను తీగే గుంజేసి, బియ్యం ఏరి వంట చేసి వచ్చినంక పెట్టించిన. అప్పుడు గూడ ఒకటి.

మా ముందర దుకాణం కిరాయికి ఉన్న ఖాజా భాయ్ బ్యాటరీలు బాగుచేస్తడు. పిలిస్తే వచ్చి లైను చూసిండు, ఎర్తింగు చూసిండు. "కరెంట్ బరాబర్ ఉందమ్మా. గిది కరెంటుతోని అయ్యేది గాదు" అని చాయ గూడ తాగకుండ పోయిండు.

ఆ పొద్దుటి నుంచే నవీన్ ఫోన్ కలుస్త లేదు. మానస ముందుగాల నాకు చెప్పలేదు. నేను గూడ చేసి చూసిన అని దానికి చెప్పలేదు.

పెత్రమాస వచ్చింది. ఆనాడు మా ఇండ్లల్ల సచ్చిపోయిన పెద్దల పేరు మీద బియ్యమిస్తం. ఎంతమంది పేర్లు చెప్తమో అన్ని విస్తారాకులు. ఆకుకు కొలిచి తవ్వెడు బియ్యం, ఇంత పప్పు, చింతపండు, ఏదన్న కూరగాయ. పేరు అనుకుంట పొయ్యాలె. పేరు లేకుండ తవ్వ ఒంపరాదు. పోసిన బియ్యం మళ్ల నిలువ గుమ్మిల కలపరాదు. మా మామ, మా అత్త, మా పెనిమిటి, పెండ్లి గాకముందే పాము ముట్టి పోయిన మా మరిది. నాలుగు పేర్లు. ఈ ఇంటికి కోడలిగ వచ్చిన కాన్నుంచి పోసేది నేనే. తవ్వ అంచు చేత్తోని గీసి పోస్త, ఒక గింజ ఎక్కువ పోనియ్యను.

నాలుగు ఆకులు కడిగి పరిచిన. గుమ్మిలకెంచి నాలుగు తవ్వలకు సరిపోను చాటల తెచ్చుకున్న. పేర్లు అనుకుంట పోసిన. చాట ఉత్తగయింది. మానస పక్కన కూసుండి ఆకుల మీద పప్పు, చింతపండు పెట్టింది. అయ్యగారు వచ్చిన చప్పుడైతే ఇద్దరం లేసి పీట ఏసినం, చెంబుల నీళ్లు తెచ్చినం.

అయ్యగారు కూసుండి ఒక్కొక్క పేరు అడుక్కుంట నాతోని నీళ్లు ఇడిపించిండు. మరిది పేరు అయిపోయింది. నేను దండం పెట్టవోయిన.

"అమ్మా, ఈ అయిదోది ఎవరి పేరు మీద?" అన్నడు.

మరిది ఆకు పక్కన ఇంకో ఆకున్నది. దాని మీద తవ్వెడు బియ్యం, కొలిచి పోసినంత. పప్పు లేదు, చింతపండు లేదు. ఉత్త బియ్యం.

మానస దిక్కు చూసిన. "నేను నాలుగిటికే పెట్టిన బాపమ్మా" అన్నది. అయ్యగారు "పేరు చెప్పకుంటే నేను తీసుకోరాదమ్మా" అని నాలుగు మూట గట్టుకొని లేసిండు. పోవుకుంట ఆ ఆకు దిక్కు మర్లి చూడలేదు.

నేను సీదా గుమ్మి కాడికి పోయిన. బియ్యం తీసినప్పుడల్ల మీద నా చెయ్యి అచ్చు ఒత్తి మూత పెడ్త, ఎవలన్న తీస్తే తెల్వాలని. అచ్చు ఒత్తింది ఒత్తినట్టే ఉన్నది.

మానస ముందరర్రలకు పోయి వచ్చి గడప కాడ నిలవడ్డది. "దానికీ పేరు లేదు, దీనికీ లేదు బాపమ్మా" అన్నది. అది ఎవలి గురించి అనుకుంటుందో నాకు సమజైంది. నేను గూడ వాని గురించే అనుకుంటున్న. ఇద్దరం వాని పేరు ఎత్తలేదు. ఎత్తితే ఆ కుప్ప మీద పెట్టినట్టే అయితదని.

కొడుకుకు చెప్తే బండేసుకొని హైదరాబాద్ రోడ్డు పట్టిండు. నడుమ రాస్తారోకోల ఆపిన్రని ఫోన్ చేసిండు. గల్లీల ఆడోళ్లు ఎంగిలిపూల బతుకమ్మ పేర్చుకుంటున్నరు. ఒకదిక్కు వాళ్ల నవ్వులు, ఒకదిక్కు టెంటు కాడ జై తెలంగాణ. మా ఇంట్ల పొయ్యి ముట్టియ్యలేదు. ఆ ఆకు అక్కడ్నే ఉన్నది. రోజూ వాకిట్ల గింజల కోసం కొట్టుకునే పిట్టలు ఆనాడు దాని దగ్గరికి రాలేదు.

ఆడోళ్లు బతుకమ్మలు ఎత్తుకొని బయలెల్లే యాళ్లకు నవీన్ వచ్చిండు, కూరగాయల వ్యాన్ల ఎక్కి, తలకు కట్టుతోని. ఊరేగింపుల లాఠీ దెబ్బ తాకిందట, ఆ తొక్కులాటల ఫోన్ పోయిందట. గడపల నిలవడి, "ఏందే బాపమ్మా, దయ్యాన్ని చూసినట్టు చూస్తున్నవు? అన్నం పెట్టవా?" అన్నడు. చెంప మీద ఒకటి ఇచ్చిన. తర్వాత పట్టుకొని ఏడ్చిన. నేను ఏడ్చుడు వాడు అంతకుముందు చూడలేదు.

కోడలు లేదు గనుక నేనే అటుకులు కలిపి పెట్టిన. వాడు తింటుంటె మానస ముందరర్రలకు పోయింది. నేనూ దాని ఎంబడి పోయిన. నాకు అంకెలు సదువొస్తది. పెద్దింట్ల ఇంకా ఒకటే ఉన్నది.

కొడుకు తిరిగొచ్చినంక అందరికీ ఫోన్లు చేయించిన. మద్దూరుల కోడలు, రాయపోల్‌ల ఇచ్చిన నా బిడ్డ, జగదేవ్‌పూర్‌ల నా తమ్ముడు. అందరూ మంచిగున్నరు. పాత చావులల్ల ఎవలనన్న మరిచినమా అని మా ఇంటిపేరు పెద్దలందరినీ అడిగిన. ఎవలూ లేరు.

మానస సరిచేసింది ఆఫీసుకు పంపింది. అక్కడ వాళ్ల మిషన్ల మీద ఎన్నిసార్లు చూసినా లెక్క సక్కగనే వచ్చిందట, మెచ్చుకున్నరట. ఈ డబ్బా సంగతి చెప్తే, పాతది, ఏదో పాడైంది, అక్కడ్నే ఉండనియ్యి అన్నరట. దాని లోపటి యాది ముక్కలు తీసి కొత్తయి గూడ పెట్టి చూసింది పిల్ల. ఏం మారలేదు.

ఆ బియ్యం తినేది గాదు, పారేసేది గాదు. తెల్లబట్టల మూటగట్టి దూలానికి ఏలాడగట్టిన. తర్వాత తెలంగాణ వచ్చింది. నవీన్‌కు నౌకరి వచ్చింది, పెండ్లయింది. గుమ్మిల బియ్యానికి యాపాకు ఎంత కలిపినా పురుగు వడ్తది. ఆ మూటల దానికి ఇప్పటిదాక ఒక్క పురుగు వట్టలేదు.

ప్రతి పెత్రమాసకు నాలుగు పోస్త, నాలుగే ఉంటయి. మానస వచ్చి ఆ డబ్బాను ఒకసారి పెట్టి చూస్తది. నేను స్విచ్ కాడ నిలవడ్త. పెద్దింట్ల ఒకటే.

నాకు తోచిందొక్కటే. లెక్క ముందుగాల వడ్డది, చావు ఎనుక వస్తదేమో. ఎవలిదో తెల్వదు. ఈ ఇంట్ల అందరికన్న ముసల్దాన్ని నేను, వరుస నాదే. అందుకే పిల్లలకు చెప్పి పెట్టిన. నేను పోయినంక వచ్చే పెత్రమాసకు ఆ మూట ఇప్పి నా పేరు మీద పొయ్యిండ్రి, గుమ్మిల బియ్యం దండుగ చెయ్యకుండ్రి. పోసినంక డబ్బా పెట్టి చూడుండ్రి. సున్న అయితే పాత సామాన్లోనికి అమ్మేయుండ్రి.

నవీన్ నవ్విండు. మానస నవ్వలేదు.

"అప్పుడు గూడ ఒకటే ఉంటే బాపమ్మా?" అని అడిగింది.

నేను లేసి పోయి స్విచ్ బంద్ చేసిన.