గంగారాం కంకర తోవ

దయ్యాలూ ఆత్మలూ అంటే నవ్వే రకం నేను. మా ఊళ్ళో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు జ్వరం మాత్ర వేసి చూడండిరా అనేవాణ్ణి. నేను ఎలక్ట్రీషియన్‌ని. కంటికి కనపడని వాటిలో నేను భయపడేది కరెంటుకు ఒక్కదానికే. కాబట్టి ఇది నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు చెప్తాను.

ఖతర్‌లో చమురు, గ్యాస్ డబ్బు పొంగిపొర్లుతున్న రోజులవి. ఎటు చూసినా క్రేన్లే. మా కూలీల క్యాంప్ బిర్కత్ అల్ అవామిర్ అనే చోట ఉండేది. నా కింది మంచం గంగారాంది. ఇద్దరిదీ జగిత్యాల దగ్గర ఒకే ఊరు. అక్కడ వాడికి కిరాయి సైకిళ్ల షాపు ఉండేది. ఊరంతా మోటార్ సైకిళ్లు కొనుక్కున్నాక అది మూతపడింది. దాంతో ఇక్కడికొచ్చి ఇనుప చువ్వలు కట్టే పనిలో చేరాడు.

మా సైట్‌లో పాస్కల్ అని ఒక ఫ్రాన్సు ఇంజినీరు ఉండేవాడు. ఆయన దగ్గర వెడల్పు టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్ ఉన్న సైకిల్ ఒకటి ఉండేది. కంకర దారుల్లో తొక్కడానికే చేసిన సైకిలట. ఒకసారి దాని చక్రం వంకర పోతే గంగారాం స్పోకులు బిగించి సరిచేశాడు. అప్పటి నుంచి ఇద్దరికీ స్నేహం కుదిరింది. వీడికి ఇంగ్లీషు రాదు, ఆయనకు తెలుగు రాదు, అయినా గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. కొత్త సైకిల్ కొనుక్కున్నాక ఆయన పాతది గంగారాంకి ఇచ్చేశాడు. తన ఊళ్ళో తను తొక్కే దారి వీడియో కూడా వీడి ఫోన్‌లోకి పంపాడు.

సైకిల్ ముందు కెమెరా బిగించి తీసిన వీడియో అది. కాలువ పక్కన తెల్లటి కంకర దారి, రెండు వైపులా ఎత్తైన చెట్లు, ఒక చిన్న రాతి వంతెన, పొద్దుతిరుగుడు చేలు, దూరంగా మేస్తున్న ఆవులు, మళ్ళీ చెట్లు. మాటల్లేవు, పాట లేదు. టైర్ల కింద కంకర చప్పుడు ఒక్కటే. గంగారాం పడుకునే ముందు రోజూ అదే చూసేవాడు. అందరూ సినిమాలు చూస్తుంటే వీడు రోడ్డు చూస్తున్నాడని రూమంతా ఏడిపించేది. ఏమన్నా పట్టించుకునేవాడు కాదు.

ఒక శుక్రవారం, సెలవు రోజు, నేనూ ఎవరిదో పాత సైకిల్ అడిగి వాడి వెంట వెళ్ళాను. మెసయీద్ వైపు వెళ్ళే కంకర బాట. పైన ఎండ, పక్కన పైపులైను కంచె, అంతకుమించి ఏమీ లేదు. గంగారాం తొక్కుతూ తొక్కుతూ, ఇప్పుడు వంతెన దాటినం, ఇగ చెట్లు వస్తయి, చల్లగుంటది అని చెప్పుకుంటూ పోతున్నాడు. వాడి లెక్కలో చెట్లు వచ్చిన చోట నెత్తి మీద టోపీ తీసేశాడు. ఎండదెబ్బ తగిలి చస్తావురా అని తిట్టాను. నవ్వాడు గానీ టోపీ పెట్టుకోలేదు.

ఆ వేసవిలోనే ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. సహజ మరణం అని రాశారు. నిక్షేపంలాంటి మనిషిని ఆ రెండు ముక్కల్లో చుట్టేశారు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. శవపెట్టె ఊరికి చేరడానికి చాలా రోజులు పట్టింది. వెంట వెళ్ళడానికి మాలో ఎవరికీ సెలవు దొరకలేదు. సైకిల్ మాత్రం రూము వెనక, ఏసీ పెట్టెల కింద, రెయిలింగ్‌కు గొలుసుతో అలాగే ఉండిపోయింది. చనిపోయినవాడి వస్తువు కదా, ఎవరూ ముట్టుకోలేదు.

దహనం అయిన మూడో రోజు మా వైపు పిట్టకు పెడతారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి దూరంగా జరుగుతారు. కాకి వచ్చి ముట్టిందంటే మనిషి తృప్తిగా వెళ్ళినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి, పిల్లల్ని చూసుకుంటాం, ఇల్లు పూర్తి చేస్తాం అని పైకి మాట ఇస్తారు. పిట్ట ముట్టేదాకా ఇంట్లోవాళ్లు మెతుకు ముట్టరు. ఇదీ నాకు నవ్వులాటగానే ఉండేది. కాకికి ఆకలైతే తింటుంది, లేకపోతే లేదు.

ఆ మూడో రోజు శుక్రవారం పడింది. నేను రూములోనే ఉన్నాను. గంగారాం భార్య పద్మ ఫోన్ చేసింది. పొద్దున పెడితే ఎండ నడినెత్తికొచ్చిందట. కాకులు తుమ్మచెట్టు మీద కూర్చుని చూస్తున్నాయి గానీ దిగడం లేదట. బిడ్డ చదువు, ఇంటి స్లాబు, అత్త మందులు, అన్నీ చెప్పారట. దుబాయ్‌లో ఎవరినన్నా పెట్టుకున్నాడేమోనని వెనక నుంచి ఎవరో అన్నారట, మా ఊరివాళ్లకు గల్ఫంతా దుబాయే. అది చెప్పేటప్పుడు ఆమె గొంతు మారిపోయింది.

"అన్నా, ఆయన తోని ఉన్నది నువ్వే. అక్కడ ఆయనకు ఏం మిగిలిందో చెప్పు. ఏదైన సరే, నేను ఏమనుకోను."

అలాంటిదేమీ లేదు చెల్లె అని ఒట్టేసి చెప్పాను. ఆమె నమ్మినట్టు లేదు. పిల్ల ఆకలికి ఏడవడం ఫోన్‌లో వినపడుతోంది. నేనూ ఒక మాట ఇచ్చి చూస్తాను, లైన్ కట్ చేయొద్దని చెప్పి, ఫోన్ యూసుఫ్ భాయ్ చేతిలో పెట్టాను. నిజామాబాద్ మనిషి, మా రూములోనే ఉండే డ్రైవర్. నేను రూము వెనక్కి నడిచాను.

నమ్మకంతో వెళ్ళలేదు. ఆ పిల్ల ఏడుపు వింటూ కూర్చోలేక వెళ్ళాను. సైకిల్ టైర్లలో గాలి దిగిపోయింది. సీటు మీద మందంగా దుమ్ము. ఏసీ పెట్టెల హోరులో నా మాట నాకే సరిగ్గా వినపడలేదు, గోడ అవతలి ఫోన్‌కు వినపడే ప్రశ్నే లేదు. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, సిగ్గుపడుతూనే సీటు మీద చెయ్యి పెట్టాను.

"గంగారాం, నీ సైకిల్ ఎవ్వలకు అమ్మనియ్య. పాస్కల్ సార్‌కు అప్పజెప్త. ఆ కాలువ పక్క తొవ్వ మీద దీన్ని తొక్కుమంట. ఇగ తినురా."

చెయ్యి ఇంకా తీయనే లేదు, యూసుఫ్ భాయ్ ఫోన్ పట్టుకుని మూల తిరిగి పరుగెత్తుకొచ్చాడు. అందులోంచి ఊరంతా ఒక్కసారి అరిచినట్టు గోల. ముట్టిందట. చెట్టు మీదివన్నీ ఒకేసారి దిగాయట. నేను ఫోన్ అందుకున్నాను.

పద్మ లైన్‌లోకి వచ్చి, ఏం చెప్పావని అడిగింది. నిజం నోటిదాకా వచ్చి ఆగింది. నీ బిడ్డ చదువు మేమందరం చూసుకుంటామని చెప్పానన్నాను.

"అది పొద్దటి సంది నేనే చెప్తున్న అన్నా," అంది. "దానికి రాలే."

ఇక దాచలేక సైకిల్ సంగతి, ఆ దారి సంగతి చెప్పాను. ఏ సైకిల్ అన్నా అని అడిగింది. ఆ సైకిల్ గురించి గంగారాం ఇంటికి ఒక్క మాట కూడా చెప్పలేదని నాకు అప్పుడే తెలిసింది. అంతా విన్నాక, అందరికీ అన్నం పెట్టాలని చెప్పి ఫోన్ పెట్టేసింది.

పాస్కల్ సార్‌కు విషయం చెప్పి సైకిల్ అప్పజెప్పాను. ఖతర్ వదిలి వెళ్ళేటప్పుడు తన సామానుతో పాటు ఆ సైకిల్ కూడా తీసుకెళ్ళాడు. తర్వాత ఒక ఫొటో పంపాడు. రాతి వంతెన గోడకు ఆనించిన గంగారాం సైకిల్, టైర్ల నిండా తడి మట్టి.

యూసుఫ్ భాయ్ దాన్ని ఇత్తెఫాక్ అంటాడు, కాకతాళీయమని. నేనూ అదే అనుకోవాలని చాలా ప్రయత్నించాను. కానీ పొద్దుటి నుంచి అంతమంది బతిమాలినా కదలని కాకులు, సముద్రం ఇవతల నేను గొణిగిన మాటకు ఎలా దిగాయో నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు. ఇప్పుడు ఎవరైనా పిట్టకు పెడుతుంటే నోరు మూసుకుని నిలబడతాను.

కిందటి సెలవుకు ఊరికి వెళ్ళినప్పుడు, ఆ తొవ్వ ఎట్లుంటదో చూపించమని పద్మ తనే అడిగింది. పాస్కల్ సార్‌ను అడిగి తెప్పించుకున్న వీడియో పెట్టాను. చెయ్యి కొంగుకు తుడుచుకుని ఫోన్ తీసుకుంది. కాలువ, చెట్లు, వంతెన, పొద్దుతిరుగుడు చేలు, మొదటి నుంచి చివరిదాకా చూసింది.

"మంచిగున్నదన్నా," అని ఫోన్ నా చేతిలో పెట్టింది. "ఒక్క మనిషి సుత లేడు."