ముందు సైరన్, ఆ తర్వాతే చక్రం

కరోనా తగ్గుముఖం పట్టిన ఏడాది. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య మాదొక చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీ. రొయ్యల చెరువులకు కంట్రోలర్లు తయారుచేసేవాళ్లం. నీటిలో ఆక్సిజన్ ఎంత ఉందో చూసుకుంటూ, ఏరియేటర్లను, అంటే నీటిని చిలికి గాలి కలిపే చక్రాలను, నడిపే పెట్టె అది. లోపల బుల్లి కంప్యూటర్, అందులో ఆపరేటింగ్ సిస్టమ్. ఆ సిస్టమ్‌ను బిల్డ్ చేసి, డిఫాల్ట్ సెట్టింగులు పెట్టడం నా పని.

డిఫాల్ట్ అంటే, ఎవరూ ఏ మీటా నొక్కకపోతే పెట్టె తనంతట తాను ఎలా నడుచుకోవాలన్నది. తర్వాత మార్చుకోవచ్చుగా అని అందరూ అంటారు, ఎవరూ మార్చరు. మా ఇంట్లో వాషింగ్ మెషిన్‌ను కొన్న రోజు నుంచి నేనే ఒకే మోడ్‌లో తిప్పుతున్నాను. ఇక రైతును ఏమనగలను?

మొదటి ఆర్డరు ఝాన్సీ గారిది. కైకలూరు వైపు సొంతంగా చెరువులు చేస్తున్నారు. ఆవిడ అడిగింది ఒక్కటే.

"చూడమ్మా, కరెంటు పోయి వస్తే చక్రాలు వాటంతటవే తిరగాలి. పొలం మోటార్లకి ఆటో స్టార్టర్ ఉండదూ, అట్లా. మనిషొచ్చి బటన్ నొక్కేదాకా ఆగితే రొయ్యలు పైకి తేలతాయి. పోయినేడు ఒక చెరువు అట్లాగే పోయింది నాకు."

న్యాయమైన కోరికే. డిఫాల్ట్ అలాగే పెట్టి, ప్యానెల్ బోర్డులు బిగించే ఖాదర్ గారిని వెంటబెట్టుకుని ట్రయల్‌కి వెళ్లాను.

అప్పట్లో నన్ను వేధిస్తున్న సంగతి వేరు. పెట్టె బూట్ కావడానికి, అంటే కరెంటు తగిలాక లేచి పనిలోకి దిగడానికి, దాదాపు నిమిషం పట్టేది. దాన్ని తగ్గించాలని వారాల తరబడి కుస్తీ పడుతున్నాను. "మీ పెట్టె టీ తాగితేగానీ పనిలోకి రాదమ్మా" అని ఖాదర్ గారు ఆటపట్టించేవారు.

మధ్యాహ్నం గట్టు మీద షెడ్డులో అందరం భోజనం చేస్తుండగా కరెంటు పోయింది. పగటిపూట నీటిలో ఆక్సిజన్ బాగానే ఉంటుంది కాబట్టి జనరేటర్ వేయలేదు. చెరువు చూసుకునే నాగరాజు మాత్రం అన్నం పక్కన పెట్టి నీళ్లలోకి దిగాడు.

"ఎందుకండీ దిగాడు?" అని ఝాన్సీ గారిని అడిగాను.

"చక్రాలకి నాచు పట్టుద్దమ్మా. మామూలప్పుడు చక్రాలు ఆపటానికి మనసొప్పదు. కరెంటు పోయినప్పుడే తీసుకోవాలి."

ఆవిడ అలా చెబుతూ పెరుగన్నం కలుపుకుంటున్నారు. పాత పద్ధతిలో కరెంటు వచ్చినా భయం లేదు. ఎవరో వచ్చి, నీళ్లలో మనుషులున్నారా అని ఒక కేక వేసి, ఆకుపచ్చ బటన్ నొక్కాలి. మేము తీసేసింది ఆ కేకనే. అది ఆవిడకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

షెడ్డులో ఫ్యాను కదిలింది.

నాగరాజు చేతులు మోచేతుల దాకా చక్రంలో ఉన్నాయి. ఖాదర్ గారు ఎంగిలిచేత్తోనే పరిగెత్తి మెయిన్ స్విచ్ హ్యాండిల్ కిందికి లాగేశారు. అప్పటికి స్క్రీన్ మీద ఇంకా మా కంపెనీ లోగోనే ఉంది. పెట్టె బూట్ అవుతూనే ఉంది.

ఝాన్సీ గారు గట్టు మీద కూలబడ్డారు. "నేనే అడిగాను కదమ్మా దీన్ని" అన్నారు. నాగరాజు గట్టెక్కాక, "అట్లాగని రొయ్యల్ని చంపుకోలేను. రెండూ బతికే దారి చూడు" అన్నారు. ఆర్డరు వెనక్కి తీసుకుంటారనుకున్నాను. ఆవిడ ఆ మాట ఎత్తనే లేదు.

అక్కడే కూర్చుని కొత్త డిఫాల్ట్ అనుకున్నాం. కరెంటు రాగానే సైరన్ మోగాలి. మనిషి గట్టు చేరేంత సేపు ఆగాలి. ఆ తర్వాతే చక్రాలు ఒకదాని వెనక ఒకటి తిరగాలి. ఎంతసేపు ఆగాలో నాగరాజునే అడిగితే, "అడుగున బురదండి, కాలు తొందరగా రాదు, కాస్త ఎక్కువే పెట్టండి" అన్నాడు. ఖాదర్ గారు ప్రతి చెరువు దగ్గరా మోటార్లకు కరెంటు తెంపే హ్యాండిల్ ఒకటి బిగించారు. అది కిందికి లాగి ఉంటే నా సాఫ్ట్‌వేర్ తలకిందులైనా చక్రం తిరగదు.

బూట్ సమయం తగ్గించే పని మానేశాను. ఆ నిమిషానికి, ఎంగిలిచేత్తో పరిగెత్తిన ఖాదర్ గారికి, మమ్మల్ని నమ్మిన ఝాన్సీ గారికి నేను రుణపడి ఉన్నాను. ఏ డిఫాల్ట్ పెట్టేముందైనా ఇప్పుడు నా మొదటి ప్రశ్న, కొన్నవాళ్లకు ఏం కావాలని కాదు, ఆ సమయానికి నీళ్లలో ఎవరుంటారని.

ఈమధ్య మళ్లీ అటు వెళ్లాను. నాగరాజుతో మాట్లాడుతుండగానే సైరన్ మోగింది. అవతలి గట్టు మీద ఇంట్లోంచి వాళ్లావిడ వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"రోజూ ఇంతేనండి, నేను పైకొచ్చానా లేదా అని చూసుకుంటది" అంటూ నాగరాజు చెయ్యి ఊపాడు. ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. అప్పుడు తిరిగాయి చక్రాలు.