ఏడో నెల పదిహేడో నాటి బల్ల

పొద్దున పదింటికి మా అత్తగారూ నేనూ హోటల్ వెనక వరండాలో ఎదురెదురుగా పీటలు వేసుకుని నెమ్‌లు చుట్టేవాళ్లం. ఆవిడ పలచటి బియ్యపు రేకుని నీళ్లలో ముంచి తీసి తడిగుడ్డ మీద పరిచేది. నేను కైమా ముద్ద పెట్టి మడత వేసేదాన్ని. పదహారేళ్లు అలాగే గడిచాయి. ఆవిడ పోయాక ఆ పని ఇద్దరు కూలిమనుషులు చేస్తున్నారు. "కొన్నాళ్లు హోటల్‌కి రాకు, ఇంటిపట్టున ఉండు" అన్నాడు మా ఆయన మక్తార్. ఉంటున్నాను. పదయ్యేసరికి నా చేతులకి ఏం తోచదు. కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతుంటాను.

ఆవిడ పేరు థోమ్. డకార్‌లో అందరికీ యాయ్ థోమ్, అంటే థోమ్ అమ్మ. వియత్నాంలో హైఫాంగ్ రేవు దగ్గర పుట్టింది. ఫ్రెంచివాళ్ల సైన్యంలో చేరి అక్కడి యుద్ధానికి వెళ్లిన మా మామగారు బిరాన్, ఆవిడని పెళ్లాడి ఓడెక్కించుకుని తెచ్చాడు. అప్పటికి పద్దెనిమిదేళ్లు. సాగనంపడానికి వచ్చిన తల్లి ఓడ కదిలేదాకా గట్టున నిలబడి, కూతురి వైపు కాక నీళ్ల వైపే చూసిందట. ఆ తర్వాత తల్లిని ఆవిడ మళ్లీ చూడలేదు.

మెదీనా పేటలో అత్తింటికి వచ్చిన మొదటి రోజు అందరూ ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చున్నారు. తన గిన్నె తనకి ఎప్పుడిస్తారా అని ఎదురుచూసి, ఆకలితోనే లేచిపోయిందట. "సార్జెంటు పెళ్లానికి పొగరు, మనతో కలిసి తినదు" అన్నారు ఆడబిడ్డలు. ఆ పళ్లెంలో ఆవిడకి తెలిసినవి నూకలొక్కటే. "అవి మా ఊరి నూకలే. నాలాగే ఓడలో వచ్చాయి" అనేది తర్వాత, నవ్వుతూ.

తలమీద పళ్లెం పెట్టుకుని సండగా బజారులో నెమ్‌లు అమ్మింది. ఆ తర్వాత రేవుకి దగ్గర్లో, ప్లాటో పేటలో ఈ హోటల్ పెట్టింది. పేరు ఎర్ర నది, వాళ్ల దేశంలోని నది పేరే. ఎనిమిది బల్లలు. శనివారం వచ్చిందంటే జనం బయట నిలబడేవారు. ఇళ్లలో ఆరుగురు ఒకే పళ్లెంలో తినేవాళ్లు, ఇక్కడికొచ్చి ఎవరి గిన్నె వాళ్ల ముందు పెట్టుకుని పెద్దింటి చుట్టాల్లా కూర్చునేవారు. నెమ్‌ని సలాడ్ ఆకులో పుదీనాతో చుట్టి, ఊరిన చేపల రసంలో ముంచి తినేవారు. ఆ రసం మేడమీద జాడీలో ఆవిడే ఊరబెట్టేది. ఎండుచేపల వాసన మా వీధికి కొత్త కాదు కాబట్టి ఎవరూ ముక్కు మూసుకోలేదు.

రేవు ఆఫీసులో రిటైరైన ఆన్సు బాజీ రోజూ మధ్యాహ్నం సూపు తాగడానికి వచ్చేవాడు. ఆయన జోలా, నేను సెరేర్. మా రెండు జాతులకీ బావామరదళ్ల వరస. ఎంత మాటైనా అనుకోవచ్చు, ఎవరికీ కోపం రాకూడదు.

"ఓయ్ సెరేరుదానా, నా సూపు తే. బానిసలు ఇంత నెమ్మదిగా నడిస్తే మాలాంటి దొరల గతేంటి?"

"తాటికల్లు తప్ప ఇంకోటి ఎరగని మీకు సూపు తాగడం ఎవరు నేర్పారు బావా?"

"చాలు మీ గోల" అని లోపల్నించి అరిచేది అత్తగారు. "ఇంకో మాట మాట్లాడితే ఇద్దర్నీ బయట నిలబెడతాను."

ఏడాదికి ఒక్కరోజు కిటికీ పక్క బల్ల మీద రిజర్వు అని చిన్న చెక్క పెట్టేది. ఆ రోజు ఆ బల్లకి నన్ను కూడా చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. కుండలో పంచదార పాకంతో వండిన చేప, వెదురు మొలకల సూపు, నెమ్‌లు, జిగురు బియ్యపు అన్నం, గుట్టగా అన్నం పోసిన ఒక గిన్నె, దాని పక్కన తినడానికి రెండు పుల్లలు, ఒక కప్పు టీ. బల్ల కింద మట్టి మూకుట్లో మా ఊరి చురాయ్ ధూపం. డకార్‌లో ధూపం వెయ్యని ఇల్లుండదు కదా, ఎవరూ పట్టించుకునేవారు కాదు. గంట తర్వాత ఎవరూ రాలేదని గట్టిగా గొణుక్కుంటూ ఆ తిండి తీసి వంటవాళ్లకి పెట్టేది.

"ఎవరు యాయ్ ఆ మనిషి?" అని బాజీ ఓసారి అడిగాడు. "ఏడాదికోసారి ఇంత వండించుకుని రాడు!"

"ఎవరో కమాండెంటు. పెద్దవాళ్లు మాటమీద నిలబడతారా?"

"అయితే వాడి వాటా నాకు పడెయ్. నేను మాట తప్పను, చూడు, రోజూ వస్తాను."

"నీ పొట్టకి బల్లలు కాదు నాయనా, ఓడలు కావాలి."

నా పెద్దకూతురు పుట్టిన ఏడు అత్తగారు నాకు అసలు సంగతి చెప్పింది. కమాండెంటు లేడు. అది వాళ్లమ్మ తిథి. వాళ్ల దేశంలో పోయినవాళ్లకి ఏటా అదే నెల, అదే రోజున భోజనం పెడతారు. వాళ్లు వచ్చి తిని వెళతారు. అత్తగారు అయిదు పూటలా నమాజు చేసేది, ఉపవాసాలుండేది. చచ్చినవాళ్లకి అన్నం పెడుతోందంటే అత్తింటివాళ్లు ఏమంటారో అని భయం. అందుకే ఇంట్లో కాక హోటల్లో, అందరి కళ్లముందే దాచింది.

తల్లి పోయిన ఏడాదికి గానీ ఉత్తరం అందలేదు. చదివిపెట్టిన స్నేహితురాలు తర్వాత ఫ్రాన్సు వెళ్లిపోయింది. ఆ ఉత్తరంలోంచి ఆవిడకి గుర్తున్నది ఒక్కటే: ఏడో నెల, పదిహేడో రోజు. చంద్రుణ్ణి చూసి లెక్కపెట్టే నెలలు. ఇక్కడి ముస్లిం నెలలూ అంతే కదా అనుకుని మామగారిని అడిగింది, "మీ నెలల్లో ఏడోది ఏది?" అని. రజబ్ అన్నాడాయన. ఇక్కడి వోలోఫ్ భాషలో దాన్ని ఉపవాస మాసానికి తల్లి అంటారు. ఆవిడకి ఆ మాట నచ్చింది. ఆ ఏడు రజబ్ వానాకాలంలో వచ్చింది. వాళ్లమ్మ పోయిందీ వానల్లోనే. ఇంక అనుమానం దేనికి? ప్రతి ఏటా రజబ్ పదిహేడున బల్ల వేసింది.

పోయినేడాది కూడా వేసింది. నవంబరు నెల. ఆ రోజు ఉత్తరాన నది దగ్గర వరి పండించడం నేర్పడానికి వచ్చిన వియత్నాం మనిషి ఒకాయన భోజనానికి వచ్చాడు. పేరు విన్. నలభై ఏళ్లుంటాయి. లోపలికి అడుగుపెట్టి, కిటికీ పక్క బల్ల చూసి, టోపీ తీసి నిలబడిపోయాడు. వాళ్ల మాట నాకు రాదు. అత్తగారు తర్వాత చెప్పిందే రాస్తున్నాను.

"ఇవాళ ఎవరి తిథి పెద్దమ్మా?" అన్నాడు.

సొంత భాషలో ఆ వరసతో పిలిచేవాళ్లు ఆవిడకి ఇక్కడ లేరు. ఆ సంతోషంలో దాచకుండా చెప్పేసింది. "మా అమ్మది. ఏడో నెల పదిహేడు."

"ఏడో నెలా? ఇది తొమ్మిదో నెల కదా. ఆ తిథి వెళ్లి రెండు నెలలైంది."

ఆయన చెయ్యి తిప్పుతూ చాలాసేపు చెప్పాడు. వాళ్ల లెక్కలో రెండు మూడేళ్లకోసారి ఒక అధికమాసం వస్తుంది. అందుకే ఏడో నెల ఎప్పుడూ వానల్లోనే ఉంటుంది. మా ముస్లిం నెలలకి అధికమాసం లేదు, ఏటా పదకొండు రోజులు ముందుకి జరిగిపోతాయి. రెండూ మొదటి రెండేళ్లు కలిసి నడిచి ఉంటాయి, తర్వాత విడిపోయాయి.

ఆవిడ ఏడవలేదు. ఆయనకి భోజనం పెట్టింది, సాగనంపింది. తర్వాత వంటగదిలోకి వెళ్లి, కడిగి పెట్టిన పుదీనా అంతా మళ్లీ కడిగింది.

మర్నాడు పదింటికి పీటల మీద కూర్చున్నాం. ఒక రేకు ముంచింది. అది నీళ్లలోనే కరిగిపోయింది. తియ్యలేదు.

"పాతికేళ్లు, తెనింగ్" అంది నన్ను పేరు పెట్టి. "పాతికేళ్లు ఆవిడ తన రోజున వచ్చింది. తలుపు దగ్గర నిలబడింది. బల్లల మీద అందరూ తింటున్నారు. ఆవిడకి గిన్నె లేదు."

"నువ్వు కావాలని చేశావా అత్తమ్మా?"

"మా కొత్త సంవత్సరం పండగ ఏటా చలిలోనే వచ్చేది. ఇక్కడున్న మా దేశపువాళ్లు కబురు పెడితే వెళ్లి తినొచ్చేదాన్ని. చూస్తూనే ఉన్నాను. రెండూ కలిపి ఒక్కరోజూ ఆలోచించలేదే! ఇక్కడ బక్రీదు ఏటా ముందుకి జరుగుతుంది, రంజాను జరుగుతుంది, అన్నీ జరుగుతాయి. అమ్మ తిథి కూడా జరుగుతుందిలే అనుకున్నాను."

"పొరపాటని ఆవిడకి తెలీదా?"

"మా అమ్మ నీకు తెలీదు. ఊళ్లో ఎవరింట్లోనైనా ఒకసారి పిలిచి అన్నం పెట్టకపోతే మళ్లీ ఆ గడప తొక్కేది కాదు."

విన్ జనవరిలో మళ్లీ వచ్చినప్పుడు రోజుకొక కాగితం చింపే వాళ్ల దేశపు కేలండరు తెచ్చి ఇచ్చాడు. ఏడో నెల పదిహేడు ఎక్కడుందో వెతికి, ఎర్ర సిరాతో సున్నా చుట్టాడు. ఆగస్టు ఇరవై ఏడు, శుక్రవారం. అత్తగారు దాన్ని హోటల్ వంటగదిలో ఫ్రిజ్ పక్కన తగిలించింది. అప్పటికే ఒంట్లో చక్కెర ఎక్కువై కాళ్లు వాచిపోయేవి. "వానలదాకా ఉంటే చాలు. ఒక్కసారి సరైన రోజున బల్ల వేస్తే చాలు" అనేది. ఉప్పు మానేసింది, పంచదార మానేసింది. మందులు ఒక్క పూట తప్పలేదు. అంతకు ముందు డాక్టరు ఎంత మొత్తుకున్నా వినని మనిషి.

పొద్దున హోటల్‌కి రాగానే కాగితం చింపేది. జూన్ అంతా చింపింది. జులై మొదటి వారంలో ఒకరోజు పడుకున్న మనిషి లేవలేదు. అదే సాయంత్రం యోఫ్ శ్మశానంలో మామగారి పక్కన పెట్టారు. ఎనిమిదో రోజు ఖురాను చదివించాం, నలభయ్యో రోజు చదివించాం. ఆవిడకి జరగాల్సినవన్నీ జరిగాయి. నేను మాత్రం హోటల్ వెనక గుమ్మంలోంచి వెళ్లి రోజూ ఆ కాగితాలు చింపాను.

ఆగస్టు ఇరవై ఏడు పొద్దున మక్తార్ వద్దన్నా హోటల్‌కి వెళ్లాను. చేప నేనే కోశాను. పాకం పట్టాను. పోయినవాళ్లు తినకముందు మనం రుచి చూడకూడదు. ఆవిడ వాసనతోనే ఉప్పు చెప్పేసేది. నాకు అంత ముక్కు లేదు. సరిపోయిందో లేదో తెలియకుండానే దించాను. కిటికీ పక్క బల్ల తుడిచి అన్నీ సర్దాను. ధూపం వేశాను. ఆవిడ తల్లి పేరు కూడా నాకు తెలియదు. "థోమ్ వాళ్లమ్మా, ఇవాళే. రా" అన్నాను మా భాషలోనే.

నమాజు నుంచి జనం తిరిగొచ్చారు. ఏదో బ్యాంకు వాళ్లట, పన్నెండు మంది ఒక్కసారి వచ్చారు. మిగతా బల్లలన్నీ నిండాయి. మక్తార్ నా దగ్గరికి వచ్చాడు.

"ఇదేంటి? ఆ కమాండెంటు కథ అమ్మతోనే పోయిందనుకున్నాను."

"కమాండెంటు లేడు. ఇది మీ అమ్మమ్మకి."

మొత్తం చెప్పాను, నాలుగు మాటల్లో. ఆయన ఆ గిన్నె వైపు చూశాడు. అమ్మమ్మ అని ఆయన ఎవరినీ ఎప్పుడూ పిలవలేదు.

సూపు కోసం వచ్చిన బాజీ వినేశాడు. నన్ను బానిస అనలేదు. తన మామూలు బల్ల దగ్గర్నుంచి లేచి, "ఈ బ్యాంకు దొరల్ని ఇక్కడ కూర్చోబెట్టు మక్తార్. నేను వంటగదిలో తాగుతాను" అన్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "పాపం, పోయిన తల్లి వాటానా నాకు పడెయ్యమన్నాను!" అన్నాడు.

అయినా అయిదుగురు నిలబడే ఉన్నారు. మూకుట్లో బొగ్గు బూడిదైంది. ధూపం ఆరిపోతే తీసెయ్యొచ్చు, అత్తగారు తీసేది.

"గంట దాటింది" అన్నాడు మక్తార్. "బల్ల తియ్యి తెనింగ్. పాపం నిలబడ్డారు."

"తియ్యను."

"ఇంకెంతసేపు?"

"పాతికేళ్లు వచ్చి తిరిగి వెళ్లిన మనిషి. ఈసారి కూడా లేదనుకుని మెల్లగా బయలుదేరి ఉంటుంది."

ఆయన వెళ్లి నిలబడ్డవాళ్లకి వరండాలో పీటలు వేశాడు. నేను మిగతా ఏడు బల్లలూ ఎత్తాను, తుడిచాను, గిన్నెలు కడిగాను, నేల ఊడ్చాను. మూడున్నరకి హోటల్ మూసే వేళకి కిటికీ పక్క గిన్నెలో అన్నం పైన ఎండిపోతోంది, టీ మీద తెట్టు కట్టింది. దాన్ని అలాగే వదిలేసి, తాళం పెట్టకుండా తలుపు దగ్గరగా వేసి, ఇంటికి వచ్చేశాను.